బాంబు దాడిలో అన్నయ్య పోయాక దేవుడికి దండం పెట్టలేకపోతున్నాను, ఇలాంటిది దాటినవాళ్లు ఉంటే చెప్పండి

చిరుగాలి

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. మా అన్నయ్య ఒక బాంబు దాడిలో చనిపోయాడు. ఏడాది దాటింది. ఎక్కడ, ఏ దాడి అన్నది రాయను. కేసు ఇంకా కోర్టులో ఉంది, పైగా అది రాస్తే చర్చంతా దాని మీదకే పోతుంది.

నా ప్రశ్న వేరు. నేను చిన్నప్పటి నుంచి పొద్దున లేవగానే దేవుడికి దండం పెట్టుకునే మనిషిని. భయంతో కాదు, ఇష్టంగానే. ఇప్పుడు నిలబడితే నోట మాట రావడం లేదు. వచ్చేది ఒక్కటే, "ఆ రోజు నువ్వెక్కడున్నావు?" అని. జబ్బు చేసి పోయుంటే ఇలా ఉండేది కాదేమో. ఎవరో కూర్చుని ప్లాన్ చేసి, జనం ఏ టైమ్‌కి ఎక్కువగా ఉంటారో చూసుకుని మరీ చేశారు. మా అన్నయ్య పేరు కూడా వాళ్లకు తెలీదు. అది తలచుకున్నప్పుడల్లా కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది.

ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో దిక్కు అయిపోయాం. అమ్మ ఇదివరకటి కంటే ఎక్కువ ప్రార్థన చేస్తోంది, గంటలు గంటలు. నాన్న పూర్తిగా మానేశారు, ఆ మాటెత్తితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోతారు. నేను మధ్యలో ఉన్నాను. వచ్చినవాళ్లంతా "ధైర్యంగా ఉండమ్మా, నువ్వే అందరినీ చూసుకోవాలి" అంటారు. ధైర్యం అంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇలాంటిది చూసినవాళ్లు ఉంటే, మీ నమ్మకం ఏమైంది? తిరిగి వచ్చిందా? రాకపోతే దేని మీద నిలబడ్డారు? ఉపదేశాలు వద్దు, మీకు జరిగింది చెప్పండి చాలు.

పాత_కలం

అమ్మా, నీకు ఏ మాట చెప్పినా తక్కువే అవుతుంది. ఒక్కటి మాత్రం అంటాను. "నువ్వెక్కడున్నావు" అని అడగడం ప్రార్థన కాదని ఎవరన్నారు? రామదాసు చెరసాలలో ఉండి రాముణ్ణి ఎంత నిలదీశాడో మనందరికీ తెలుసు. బైబిల్లో యోబు తన పిల్లలు పోయాక దేవుడితో వాదానికే దిగాడు. విధాత మనుషులను బొమ్మల్లా ఆడిస్తున్నాడని అడవిలో ద్రౌపది ధర్మరాజు ముందు నిష్ఠూరమాడింది. వీళ్లెవరినీ భక్తి లేనివాళ్లని మనం అనుకోలేదు కదా. నీ నోట వచ్చేది ఆ ఒక్క మాటే అయితే ఆ మాటే అను. మంచి మాటలు దొరికేదాకా ఆగక్కర్లేదు.

వివేకి

చాలా బాధాకరం సోదరీ. కానీ ఏదీ కారణం లేకుండా జరగదు. పూర్వజన్మ కర్మ అనేది ఒకటి ఉంటుంది, మీ అన్నయ్య రుణం అంతవరకే. దేవుడు తనకు ఇష్టమైనవాళ్లను ముందు తీసుకెళతాడు అంటారు. అలా అనుకుంటే మనసు కుదుటపడుతుంది.

తీరం

వివేకి గారూ, మీ ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు, కానీ ఈ మాట దయచేసి ఇలాంటి వాళ్లతో అనకండి. నేను ఒక దాడిలో బతికి బయటపడినదాన్ని. నా పక్కన కూర్చున్న ఇద్దరు పోయారు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకావిడ వచ్చి "నీ పుణ్యం బాగుంది, అందుకే మిగిలావు" అంది. అంటే పోయినవాళ్లది పాపమా? అందులో ఒకరు చిన్నపిల్ల. ఆ మాట నన్ను ఎన్ని రాత్రులు తినేసిందో చెప్పలేను. అది విన్న తర్వాతే నేను దేవుడికి దూరం జరిగాను, బాంబు పేలిన రోజు కాదు. ఆ రోజు నిజానికి స్ట్రెచర్ మీద కూడా ఆయన పేరే తలచుకుంటూ ఉన్నాను.

చిరుగాలి, నీకు జరిగిందీ నాకు జరిగిందీ ఒకటి కాదు. నువ్వు మనిషిని పోగొట్టుకున్నావు, నేను మిగిలిపోయాను. అయినా రాస్తాను. మొదట్లో నాకు దేవుడి సంగతి గుర్తుకు రావడానికి కూడా తీరిక లేదు. గట్టిగా తలుపు పడితే నేల మీద కూర్చుండిపోయేదాన్ని. జనం ఉన్నచోట నిలబడలేకపోయేదాన్ని, బస్సులో ఎవరి బ్యాగైనా సీటు కింద కనిపిస్తే దిగిపోయేదాన్ని. ఒక చెవి సరిగ్గా వినపడదు ఇప్పటికీ. వీటన్నిటికీ మించి "నేనెందుకు మిగిలాను" అన్న ప్రశ్న. దానికి జవాబు ఉండి తీరాలని, ఏదో గొప్ప పని చేస్తేనే నా బతుకుకి అర్థం అని నన్ను నేను పీక్కుతిన్నాను. చివరికి ఒక పెద్దాయన, మా ప్రార్థనా స్థలంలో పెద్దవయసు గురువు, నాతో అన్నాడు, "నువ్వు మిగిలినందుకు ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదమ్మా" అని. దాంతో కాస్త ఊపిరాడింది. ఆయన దేవుడి ప్రణాళిక గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. వచ్చి కూర్చునేవాడు, నేను మాట్లాడితే వినేవాడు, లేకపోతే ఊరికే ఉండి వెళ్లేవాడు.

నా నమ్మకం తిరిగి వచ్చింది. కానీ పాతది రాలేదు. "నన్ను నమ్మినవాళ్లకు ఏ ఆపదా రాదు" అనే దేవుణ్ణి నేను ఇప్పుడు నమ్మను. ఆపదలో పక్కన కూర్చునే దేవుణ్ణి నమ్ముతాను. ఇందులో తర్కం లేదని ఎవరైనా అంటే వాదించను.

ఊరట

నేను మనస్తత్వ నిపుణురాలిని, హింస నుంచి బయటపడ్డవాళ్లతో పనిచేస్తాను. భక్తి గురించి చెప్పే అర్హత నాకు లేదు కానీ కొన్ని విషయాలు తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుందని రాస్తున్నాను.

దాడి తర్వాత నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, అదే దృశ్యం కళ్ల ముందుకు రావడం, ఇవన్నీ మొదటి వారాల్లో చాలామందికి వస్తాయి. అది జబ్బు కాదు. నెల దాటినా తగ్గకుండా, పని చేసుకోలేని స్థితి ఉంటే అప్పుడు పీటీఎస్‌డీ (భయంకరమైన ఘటన తర్వాత మనసుకు మిగిలిపోయే ఒత్తిడి జబ్బు) ఏమో అని చూస్తాం. దానికి నిరూపితమైన చికిత్సలు ఉన్నాయి, ట్రామా, అంటే మనసుకు తగిలిన గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మెల్లగా మార్చే మాటల చికిత్స) ఒకటి, ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స) ఒకటి. ఏళ్ల తర్వాత మొదలుపెట్టినా పనిచేస్తాయి, కాబట్టి "ఇక ఆలస్యమైపోయింది" అనుకోవద్దు.

దాడి జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి "ఏం చూశారో చెప్పండి" అని తవ్వే పద్ధతి ఒకప్పుడు బాగా ఉండేది. ఒక్క విడత అలా చేయించడం వల్ల పీటీఎస్‌డీ ఆగదని పరిశోధనల్లో తేలింది, కొందరికి చేటు కూడా చేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వేసిన మార్గదర్శిని చెప్పేది వేరు. ముందు చూడు, తర్వాత విను, అవసరమైన సాయానికి కలుపు. మాట్లాడమని బలవంతం చేయొద్దు. తీరం గారి దగ్గరికి వచ్చిన ఆ పెద్దాయన ఇది చదివి ఉండడు, కానీ సరిగ్గా చేసింది ఇదే.

ఇంకొకటి టీవీ. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. దాడి తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూసినవాళ్లలో తీవ్రమైన ఒత్తిడి లక్షణాలు, దాడి జరిగిన చోట స్వయంగా ఉన్నవాళ్ల కంటే ఎక్కువగా కనిపించాయి. మీ ఇంట్లో ఆ వీడియోలు ఇంకా ఎవరైనా చూస్తుంటే ఆపించండి. చిరుగాలి, మీ నాన్నగారు రాత్రిళ్లు ఫోన్‌లో అవే చూస్తున్నారేమో ఒకసారి గమనించండి. మాట్లాడని మగవాళ్లు చాలామంది చేసే పని అది.

ధైర్యం సంగతి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ ప్రాంతంలో చేసిన ఒక పరిశోధనలో సుమారు 65 శాతం మందికి ఆరు నెలల తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలు ఏమీ లేవు, లేదా ఒక్కటే ఉంది. స్వయంగా గాయపడినవాళ్లు, ఆ దృశ్యాన్ని దగ్గరగా చూసి మనిషినీ పోగొట్టుకున్నవాళ్లలో మాత్రం ఇలా నిలదొక్కుకున్నవాళ్ల వంతు బాగా తక్కువ. కాబట్టి మీకు ఎక్కువ కాలం పడుతుంటే అది మీ బలహీనత కాదు, మీ మీద పడ్డ బరువు అంత.

చిరుగాలి

ఊరట గారూ, నాన్న ఫోన్ గురించి మీరు రాసింది చదివి చేతులు చల్లబడ్డాయి. నిన్న రాత్రి చూశాను. అవే చూస్తున్నారు. సౌండ్ తీసేసి.

తీరం అక్కా, మీరు రాసింది మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

సందేహి

దేవుణ్ణి నమ్మని మనిషిగా రాస్తున్నాను, ఎవరి మనసూ నొప్పించాలని కాదు. చిరుగాలి గారు "రాకపోతే దేని మీద నిలబడ్డారు" అని కూడా అడిగారు, దానికి జవాబు.

నా స్నేహితుడు ఒక కాల్పుల దాడిలో పోయాడు. నాకు అంతకుముందూ దేవుడు లేడు, తర్వాతా లేడు. ఉన్నట్టుండి ఏడుపు వచ్చేది, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. దేవుణ్ణి నమ్మేవాళ్లకు కనీసం తిట్టడానికి ఒకరున్నారు అని అసూయ పడ్డ రోజులు ఉన్నాయి. నిజం చెబుతున్నాను.

నన్ను నిలబెట్టింది నార్వే వాళ్లు చేసిన పని. 2011 జూలై 22న ఒకే మనిషి ఓస్లోలో బాంబు పేల్చి ఎనిమిది మందిని, తర్వాత ఉటోయా ద్వీపంలో యువజన శిబిరంలో కాల్పులు జరిపి 69 మంది ప్రాణాలు తీశాడు. ఎక్కువమంది పద్దెనిమిది, ఇరవై ఏళ్ల లోపు పిల్లలు. ఆ ద్వీపాన్ని ఏం చేయాలి అని ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. అక్కడి కెఫే భవనాన్ని కూల్చేద్దాం అన్నవాళ్లున్నారు, పోయిన పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి అక్కడ మళ్లీ నవ్వులు వినపడటమే భరించరానిదిగా ఉండింది. చివరికి 2015లో అక్కడే మళ్లీ వేసవి శిబిరం పెట్టారు. పిల్లలు చనిపోయిన ఆ కెఫే భవనంలో కొంత భాగాన్ని అలాగే ఉంచి, దాని చుట్టూ ఇంకో భవనం కట్టారు. లోపల 69 స్తంభాలు, పోయినవాళ్లకు. బయట 495 కర్రలు, ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు.

నాకు ఆ 495 చాలా ముఖ్యం. మిగిలినవాళ్లను కూడా లెక్కపెట్టారు. ఆ మనిషి ఆ శిబిరం ఉండకూడదనుకున్నాడు, వాళ్లు అదే శిబిరాన్ని మళ్లీ నడిపారు. ఇది మతం కాదు, కానీ దీన్ని నమ్మకం అనే అంటాను. మేం స్నేహితులం కూడా వాడు నడిపిన చిన్న చదువు క్లాసు ఆపకుండా నడుపుతున్నాం. వాడి ఫొటో పెట్టలేదు, వాడి పేరు కూడా పెట్టలేదు. క్లాసు జరుగుతోంది అంతే.

మంట

ఈ చర్చ ఎటు వెళుతుందో నాకు తెలుసు. ఇంకో నాలుగు పోస్టులయ్యాక ఎవరో ఒకరు వచ్చి "క్షమించు, మనసు తేలికవుతుంది" అంటారు. ముందే చెబుతున్నాను. నేను క్షమించను. మా నాన్నను చంపారు. నాన్న రైలు కోసం నిలబడి ఉన్నాడు, అంతే. నేను క్షమిస్తే ఆయన తరఫున క్షమించే హక్కు నాకు ఎవరిచ్చారు? టీవీవాళ్లు మైకు పట్టుకుని "వాళ్లకు మీరేం చెబుతారు" అని అడిగారు, క్షమించాను అంటే మర్నాడు పేపర్లో నేను గొప్పదాన్ని అయ్యేదాన్ని. అనలేదు కాబట్టి మా చుట్టాలే "అంత కసి పనికిరాదు" అన్నారు.

నేను దేవుణ్ణి నమ్ముతాను, ఇప్పటికీ. న్యాయం చేసే దేవుణ్ణి. దయ ఒక్కటే ఉన్న దేవుడైతే నాకు అక్కర్లేదు.

పాత_కలం

మంట గారూ, మిమ్మల్ని క్షమించమని అడిగేవాళ్లలో నేను లేను. కానీ ఈ క్షమాపణ కథలు మనకు ఎప్పుడూ సగమే చేరతాయి, మిగతా సగం కూడా చెప్పాలనిపిస్తోంది. కొంచెం పెద్దగా అవుతుంది, ఓపిక పట్టండి.

1987 నవంబర్ 8న ఉత్తర ఐర్లండ్‌లో ఎన్నిస్కిలెన్ అనే ఊళ్లో, యుద్ధంలో పోయిన సైనికులకు నివాళి అర్పిస్తున్న చోట ఐఆర్‌ఏ (బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా ఆయుధాలు పట్టిన సంస్థ) బాంబు పేల్చింది. గోర్డన్ విల్సన్ అనే బట్టల వ్యాపారి, నర్సుగా పనిచేస్తున్న ఆయన కూతురు మేరీ శిథిలాల కింద చిక్కుకున్నారు. చేయి చేయి పట్టుకుని ఉన్నారు. ఆ అమ్మాయి పోయింది. ఆ సాయంత్రమే ఆయన రేడియోలో తనకు ఎవరి మీదా పగ లేదని, ఆ రాత్రి కూడా ఆ మనుషుల కోసం ప్రార్థిస్తానని చెప్పాడు. లోకమంతా కదిలిపోయింది. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. కానీ అదే బాంబుకు మనుషులను పోగొట్టుకున్న మిగతా కుటుంబాలన్నీ ఆయనలా అనుకోలేదు. ఆయన మాటే ఊరందరి మాటగా ప్రపంచం తీసుకుంటే, కోపంలో ఉన్నవాళ్లకు అది ఎంత కష్టంగా ఉండి ఉంటుంది? ఆయన తర్వాత, 1993లో, ఐఆర్‌ఏ వాళ్లను కలిసి హింస ఆపమని అడిగాడు. వాళ్లు వినలేదు. వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

రెండోది అమెరికాలోని చార్ల్‌స్టన్. 2015 జూన్ 17న ఇమాన్యుయేల్ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని, జాతి ద్వేషంతో వచ్చిన ఒక కుర్రవాడు కాల్చి చంపాడు. అతన్ని వాళ్లు తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. రెండు రోజులకే కోర్టులో బాధితుల ఇంటివాళ్లు కొందరు నిలబడి "క్షమిస్తున్నాను" అన్నారు. అందులో మొదట మాట్లాడినావిడ తల్లిని పోగొట్టుకుంది. ఆవిడ సొంత అక్కేమో, ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నవాళ్ల కుటుంబాలకు ఓదార్పు చెప్పే మతసేవకురాలు, అయినా నేను ఇంకా అక్కడికి రాలేదు అని చెప్పింది. ఆమెకు చాలా కాలం పట్టింది. ఒకే తల్లి, ఒకే చర్చి, ఒకే నమ్మకం. ఒకరు రెండు రోజుల్లో, ఒకరు ఏళ్లు పట్టి. ఇద్దరిలో ఎవరి భక్తి ఎక్కువ అని కొలవడానికి మనమెవరం?

మూడోది, 1995 ఏప్రిల్ 19న అమెరికాలోనే ఓక్లహామా సిటీలో ప్రభుత్వ భవనం పేల్చేశారు, 168 మంది పోయారు, అందులో 19 మంది పిల్లలు. బడ్ వెల్చ్ అనే ఆయన కూతురు జూలీ అక్కడ పనిచేసేది. ఆయన మొదట్లో ఆ చేసినవాణ్ణి విచారణ కూడా లేకుండా చంపేయాలని కోరుకున్నాడు, తాగుడికి దిగాడు. కొన్నేళ్లకు హంతకుడి తండ్రి ఇంటికి వెళ్లి ఆయనతో కూర్చున్నాడు, ఆ హంతకుడికి మరణశిక్ష వద్దని తిరిగి తిరిగి చెప్పాడు. శిక్ష ఆగలేదు, 2001లో అమలైంది. నాకు ఈ కథలో నచ్చేది ఆయన మొదటి రోజుల కోపాన్ని ఎప్పుడూ దాచకపోవడం.

అందుకే చిరుగాలీ, ఎవరైనా నీ ముందు ఇలాంటి కథ చెప్పి "చూడు, వాళ్లు ఎంత గొప్పవాళ్లో" అంటే, ఆ మనుషులు అక్కడికి ఎలా చేరారో కూడా అడుగు.

మంట

పాత_కలం గారూ, ఆ అక్కచెల్లెళ్ల సంగతి నాకు తెలీదు. థాంక్స్.

అంజుమన్

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. నేను ముస్లింని. దాడి జరిగిన ప్రతిసారీ, చేసినవాళ్లు మా మతం పేరు చెప్పుకుంటే, మా ఇంట్లో రెండు దుఃఖాలు ఉంటాయి. ఒకటి పోయినవాళ్ల కోసం. రెండోది రేపు ఆఫీసులో ఎవరి ముఖం ఎలా ఉంటుందో అని. నా క్లాస్‌మేట్ ఒకతను అలాంటి దాడిలో పోయాడు. ఏడవడానికి వెళితే గుమ్మం దగ్గరే కొందరు నన్ను అదోలా చూశారు. అతని తల్లి చూసి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నా నమ్మకం ఆ రోజు నిలబడిందంటే ఆవిడ వల్ల. నా మతం కాదు ఆవిడది.

చంపినవాడు నా దేవుడి పేరు చెప్పి చంపితే, నేను ఆ పేరుతో ఎలా ప్రార్థించాలి అనేది నా ప్రశ్న. దీనితో చాలాకాలం పెనుగులాడాను. ఆ పేరును వాళ్లకు వదిలేయకూడదని చివరికి అనుకున్నాను. నేను రోజూ ఐదుసార్లు ఆ పేరు తలిచేది దయ కోసం, వాడు ఒకసారి అరిచాడని అది వాడిది అయిపోదు.

క్రైస్ట్‌చర్చ్ కూడా చెప్పాలి. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని కాల్చి చంపారు, శుక్రవారం నమాజులో. వారం తిరిగేసరికి మళ్లీ శుక్రవారం, ఆ మసీదు ఎదురుగా ఉన్న పార్కులో వేలమంది చేరారు. వాళ్లలో ముస్లింలు కానివాళ్లు చాలామంది, ఊరికే వచ్చి నిలబడ్డారు. తుపాకీ చప్పుడు విన్న ఇమామే ఆ రోజు ప్రార్థన చేయించాడు. మన మనసులు విరిగాయి కానీ మనం విరగలేదు అన్నాడు. వారంలో అంత మాట ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా దగ్గర సబర్ (ఓర్పు) అంటే ఏడవకుండా ఉండటం అని కొందరు చెబుతారు. కాదు. యాకూబ్ ప్రవక్త కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోయాయని ఖురాన్‌లోనే ఉంది. నా బాధను అల్లాకే చెప్పుకుంటున్నాను అన్నాడాయన. ప్రవక్తే అంత ఏడిస్తే చిరుగాలి గారు ఎందుకు ఏడవకూడదు?

చిరుగాలి

అంజుమన్ గారూ, మీరు రాసింది చదివాక నేను దాచుకున్నది కూడా రాయాలనిపిస్తోంది. దాడి తర్వాత ఆ మనుషుల పేర్లు, వాళ్ల మతం బయటికొచ్చాక నాకు ఆ మతం వాళ్లెవరిని చూసినా ఒళ్లు మండేది. మా వీధిలో కూరగాయలు అమ్మే ఆయన్ను చూసినా సరే. ఆయన మా అన్నయ్య పోయిన రోజు వచ్చి మా గేటు దగ్గర నిలబడ్డాడు, నాకు గుర్తుంది. అయినా మండేది. ఈ కోపం నాలో ఉందని ఎవరికీ చెప్పలేదు. ఇది నాకు భయంగా ఉంది, ఎందుకంటే అన్నయ్య ఇలాంటి మనిషి కాదు.

అంజుమన్

మీరు నిజం రాశారు, నాకు కోపం రాలేదు. ఆ కోపం రావడం మీ చేతిలో లేదు. దాన్ని పట్టుకుని ఎవరి మీదకైనా వెళ్లారా? లేదు కదా. బాంబు పెట్టినవాళ్లకు కావాల్సింది మీరు ఆ కూరగాయలాయనతో మాట్లాడటం మానేయడం. దాడి లక్ష్యం చచ్చిపోయినవాళ్లు మాత్రమే కాదు, బతికున్నవాళ్లు ఒకరినొకరు అనుమానించుకోవాలి, అది వాళ్ల పని.

నిర్వాహకుడు

ఒక పోస్టు తీసేశాం. ఫలానా మతాన్ని మొత్తంగా తిడుతూ రాసింది. ఇక్కడ బాధితులే మాట్లాడుతున్నారు, వాళ్లు రాసినంత నిజాయితీగా కోపాన్ని రాయండి, అభ్యంతరం లేదు. మనుషులను గుంపుగా నిందించడానికి మాత్రం చోటు లేదు. ఇంకొకటి, చనిపోవాలనిపిస్తోందని ఎవరికైనా ఉంటే ఇక్కడ జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఊరట

ఇందాక రాయడం మరిచిన విషయం ఒకటి, నమ్మకం గురించి పరిశోధనల్లో ఉన్నది. కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఓక్లహామా సిటీ దాడి తర్వాత అక్కడి చర్చిలకు వెళ్లేవాళ్లను అడిగి చూశారు, 1998లో ప్రచురించారు. మతం మీద ఆధారపడటంలో రెండు రకాలు కనిపించాయి. దేవుడు తోడున్నాడని, తోటివాళ్లు ఉన్నారని అనుకోవడం ఒకటి, అది మనిషికి ఆసరా ఇస్తోంది. ఇది నాకు పడిన శిక్ష, దేవుడు నన్ను వదిలేశాడు అనుకోవడం ఇంకొకటి, దానితో బాధ ఎక్కువవుతోంది. వివేకి గారి మాటలకు తీరం గారు ఎందుకంత గట్టిగా చెప్పారో దీంతో అర్థమవుతుంది. ఓదార్పు అనుకుని "నీ కర్మ" అని చెబితే మనిషిని రెండో వైపుకి తోసినట్టే.

కష్టం తర్వాత కొందరు ఇదివరకటి కంటే లోతుగా ఎదుగుతారన్నది కూడా నిజమే, టెడెస్కీ, కాల్‌హౌన్ అనే ఇద్దరు 1990లలో దాని మీద చాలా పని చేశారు. అయితే ఆ ఎదుగుదల బాధ పోయాక వచ్చేది కాదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి. "ఇంకా ఏడుస్తున్నాను కాబట్టి నేను కోలుకోలేదు" అనుకునేవాళ్లకు ఇది చెబుతుంటాను.

వివేకి

ఇంకెవరితోనూ ఆ మాట అనను.

చిరుగాలి

థాంక్స్ వివేకి గారూ.

ఊరట గారూ, మా అన్నయ్యకు ఒక కొడుకు, ఏడేళ్లు. మొన్న నన్ను అడిగాడు, "అత్తా, దేవుడు నాన్నను ఎందుకు కాపాడలేదు, నేను మంచిగానే ఉన్నా కదా" అని. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. వదిన వెంటనే "నాన్న దేవుడి దగ్గర నిద్రపోతున్నాడు" అంది. వాడు ఆ రాత్రి నిద్రపోవడానికి భయపడ్డాడు.

ఊరట

వాడి ప్రశ్నలో రెండు ఉన్నాయి. ఒకటి దేవుడి గురించి, దానికి "నాకూ తెలీదు, నేనూ అదే అడుగుతున్నాను" అనడం తప్పు కాదు. పిల్లలకు పెద్దవాళ్ల తెలియనితనం భయం కలిగించదు, పెద్దవాళ్ల అబద్ధం కలిగిస్తుంది. రెండోది అసలుది, "నేను మంచిగానే ఉన్నా కదా" అన్నది. తన తప్పు వల్ల నాన్న పోయాడేమో అని వాడి భయం. దానికి మాత్రం సూటిగా, పదే పదే చెప్పండి, నువ్వు చేసిన దేనివల్లా ఇది జరగలేదు, చెడ్డ పని చేసినవాళ్లు వేరే ఉన్నారు అని. నిద్ర, ప్రయాణం, వెళ్లిపోయాడు లాంటి మాటలు వద్దు. చనిపోయాడు అనే చెప్పాలి, చనిపోతే శరీరం పనిచేయదు, నొప్పి ఉండదు, తిరిగి రావడం ఉండదు అని. వదినకు మెల్లగా చెప్పండి, ఆవిడను తప్పు పట్టినట్టు కాకుండా. స్కూలు, ఆట, పడుకునే వేళ ఎప్పటిలాగే ఉంటే వాడికి అదే పెద్ద బలం.

తీరం

అమ్మాయీ, ఇంకో మాట. ఏటా ఆ తేదీ దగ్గరపడుతుంటే ఒంట్లో ముందే తెలుస్తుంది, కారణం లేకుండా చిరాకు, గుండెదడ. నాకు ఇప్పటికీ వస్తుంది. ఆ రోజు ఏం చేయాలో ముందే ఇంట్లో మాట్లాడుకోండి, ముఖ్యంగా ఏం చేయకూడదో. మాకు అందరినీ పిలిచి సభ పెట్టడం సరిపడలేదు. ఇంకొందరికి అదే కావాలి. ఐక్యరాజ్య సమితి ఆగస్టు 21ని ఉగ్రవాద బాధితుల స్మారక దినంగా పెట్టింది, 2018 నుంచి జరుపుతున్నారు. నాకు ఆ రోజు నచ్చుతుంది, ఎందుకంటే అది నా తేదీ కాదు. నాకు దాడి జరిగిన రోజున నేను ఎవరినీ కలవలేను, ఆగస్టు 21న మాత్రం నాలాంటి వాళ్లకు ఫోన్ చేస్తాను.

సందేహి

చిరుగాలి గారూ, అన్నయ్య ఏ పనులు చేసేవారు? ఆయన మొదలుపెట్టి వదిలేసినవి ఏమైనా ఉన్నాయా? గొప్పవి అక్కర్లేదు.

చిరుగాలి

కొన్నాళ్లు రాయలేదు, క్షమించండి. ఇంట్లో కొన్ని జరిగాయి.

నాన్న ఫోన్ గురించి నేనే ఆయనతో మాట్లాడాను. తిడతారనుకున్నాను. "వీడియోలో వాడు కనపడతాడేమో అని చూస్తున్నాను, చివరిసారి" అన్నారు. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఆయన కౌన్సెలింగ్‌కి ఒకసారి వచ్చారు. మళ్లీ వస్తానని అనలేదు, రానని కూడా అనలేదు.

అమ్మను కూడా అడిగాను, అన్నిన్ని గంటలు దేవుడి ముందు కూర్చుని ఏం కోరుకుంటావు అని. నేను అనుకున్నది ఆవిడకు శాంతి దొరికిందని, నాకు దొరకలేదని. అమ్మ అంది, "ఏం కోరుకుంటానే, పోట్లాడుతుంటాను" అని. పాత_కలం గారూ, మీరు మొదటి రోజే ఇది చెప్పారు. నాకు అమ్మ నోట వినాల్సి వచ్చింది. నేను ఇప్పటికీ పాత పద్ధతిలో దండం పెట్టుకోవడం లేదు. అమ్మ పక్కన వెళ్లి కూర్చుంటున్నాను. నా ప్రశ్న నేను అడుగుతున్నాను.

సందేహి గారూ, అన్నయ్య నెలనెలా రక్తదానం చేయించే గుంపులో ఉండేవాడు, ఫోన్లు చేసి జనాన్ని పిలవడం వాడి పని. ఆ లిస్టు వాడి నోట్‌బుక్‌లో ఉంది. అందులో కూరగాయలాయన పేరు ఉంది. ఫోన్ చేశాను. వస్తానన్నాడు.

ఇప్పుడు కొత్త సమస్య. శిక్ష ఖరారు చేసే ముందు బాధితుల కుటుంబం తరఫున కోర్టులో మాట్లాడొచ్చని లాయరు చెప్పారు. ఇంట్లో అందరూ నన్నే వెళ్లమంటున్నారు. వాళ్లను చూస్తూ మాట్లాడగలనా? మాట్లాడితే ఏం చెప్పాలి? మంట గారూ, మీరు వెళ్లారా?

మంట

వెళ్లాను. చెబుతాను.

ముందే రాసుకుని వెళ్లు, నోటితో చెప్పేద్దాం అనుకోకు, అక్కడ గొంతు రాదు. రాసింది ఇంకొకరు కూడా చదివేలా ఒక కాపీ లాయరు దగ్గర ఉంచు, నీ వల్ల కాకపోతే వాళ్లు చదువుతారు. వాళ్ల ముఖం చూడక్కర్లేదు, జడ్జిని చూసి మాట్లాడొచ్చు. నేను అలాగే చేశాను. ఒక మనిషిని తోడు తీసుకెళ్లు, వాదించేవాళ్లను కాదు, ఊరికే పక్కన ఉండేవాళ్లను.

ఏం చెప్పాలి అంటే, క్రైస్ట్‌చర్చ్ కేసులో 2020 ఆగస్టులో శిక్ష వేసే ముందు మూడు రోజుల పాటు బాధితులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. కొందరు క్షమించాం అన్నారు, కొందరు ఎప్పటికీ క్షమించం అన్నారు, కొందరు వాణ్ణి అసలు పట్టించుకోకుండా తమ మనిషి ఎలాంటివాడో మాత్రమే చెప్పారు. జడ్జి అందరిదీ విన్నాడు. వాడికి పెరోల్ లేని యావజ్జీవం పడింది, ఆ దేశంలో అలాంటి శిక్ష అదే మొదటిది. కాబట్టి నువ్వు ఏది చెప్పినా అది సరైనదే, ఎవరికోసమో గొప్పగా మాట్లాడాలనుకోకు. నేను మా నాన్న టీ ఎలా తాగేవాడో చెప్పాను, కోపం కూడా చెప్పాను.

అన్నయ్య పేరు పూర్తిగా చెప్పు. వాళ్లకు తెలీదని మొదటి పోస్టులో రాశావు కదా, అక్కడ వినిపించు. ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు, పర్లేదు. బయటికొచ్చాక మైకులు ఉంటే ఆగక్కర్లేదు, పక్క గేటు ఎక్కడుందో లాయర్ని ముందే అడుగు. తేదీ ఖరారయ్యాక ఇక్కడ రాయి, రాసుకున్నది చదివి వినిపించాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టు, ఫోన్‌లో వింటాను.